తాండూరు బండ పగడపు దిబ్బ కాదు: రీఫ్, బయోహెర్మ్, బయోస్ట్రోమ్, మడ్ మౌండ్ పేర్ల పంచాయితీ

మన దిక్కు సున్నపురాయి మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు "ఇదంతా ఒకప్పుడు సముద్రం, ఈ రాళ్లన్నీ పగడపు దిబ్బలు" అని గ్రూపుల మెసేజ్ పెడ్తరు. అందులో సగం కరెక్టే. అటు తాండూరు కాడ, ఇటు పాత నల్లగొండ జిల్లాల హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి బెల్ట్‌ల సిమెంటు కంపెనీలు తవ్వుతున్న రాయి నిజంగనే సముద్రం అడుగున పేరుకున్నదే. పగడపు దిబ్బ అనే మాటే తప్పు, ఎందుకంటే ఆ రాయి పేరుకునేటప్పటికి భూమ్మీద పగడమే పుట్టలేదు. తాండూరుది భీమా బేసిన్‌ల (బేసిన్ అంటే రాతిపొరలు పేరుకున్న పాత పల్లం) షాబాద్ సున్నపురాయి, నల్లగొండది పల్నాడు వైపు నుంచి సాగి వచ్చిన కర్నూలు గ్రూప్ నార్జి సున్నపురాయి, రెండూ కేంబ్రియన్ కంటే ముందువి అంటే 54 కోట్ల ఏండ్ల కన్నా పాతవి. పగడాలు గట్టిగ దిబ్బలు కట్టుడు షురూ చేసింది ఆర్డోవిషియన్ కాలంల, సుమారు 46 కోట్ల ఏండ్ల కింద. మధ్యల కోట్ల ఏండ్ల గ్యాప్ ఉన్నది.

ఇగ మహబూబ్‌నగర్ గుట్టలు, నల్లగొండ లతీఫ్ సాబ్ గుట్ట, వీటి మీద గుండ్రటి బండరాళ్లు చూసి "సముద్రం కెరటాలకు అరిగినయ్" అనేటోళ్లు కూడా ఉన్నరు. అది గ్రానైట్. భూమి లోపల కరిగిన పదార్థం చల్లారి గట్టిపడ్డ రాయి, అందుల శిలాజం వెతకడం దండగ, ఆ గుండ్రదనం వానకి ఎండకి పగుళ్ల వెంబడి పొట్టు ఊడి వచ్చింది. దీన్ని ఇక్కడితో వదిలేద్దాం.

అసలు సంగతి ఏందంటే, సముద్రజీవులు కట్టిన పురాతన దిబ్బలకి జియాలజీల బొచ్చెడు పేర్లున్నయ్. రీఫ్, బయోహెర్మ్, బయోస్ట్రోమ్, రీఫ్ మౌండ్, మడ్ మౌండ్, బిల్డప్, మళ్ల వీటి లోపలి రాయికి ఫ్రేమ్‌స్టోన్, బైండ్‌స్టోన్, బాఫిల్‌స్టోన్. చదివేటోడికి ఇవన్నీ ఒక్కదానికే పెట్టిన వేర్వేరు పేర్లలెక్క కనిపిస్తయ్, అక్కడ్నే తికమక షురూ అయితది. నేను అర్థం చేసుకున్నది ఏందంటే ఈ పేర్లు ఒక్క ప్రశ్నకి జవాబులు కావు. కొన్ని పేర్లు ఆకారం సంగతి చెప్తయ్, కొన్ని దాన్ని ఎవరు కట్టిన్రో చెప్తయ్, కొన్ని ఆ రాయిని ఏది పట్టుకొని నిలబెట్టిందో చెప్తయ్, ఒకటి రెండు పేర్లయితే "మాకు ఇంకా తెల్వదు" అని చెప్పడానికే ఉన్నయ్. ఏ పేరు ఏ ప్రశ్నకి జవాబో పట్టుకుంటే సగం చిక్కు ఇడిపోతది.

ముందు ఆకారం చూద్దాం, దానికి మన ఇంట్ల పరిచిన బండలే సాక్ష్యం. తాండూరు క్వారీల బండ ఎట్ల తీస్తరో చూసినోళ్లకి తెలుసు, పొర వెంబడి ఉలి పెట్టి కొడితే పలక లెక్క లేస్తది. అట్ల లేస్తుందంటే అర్థం, సముద్రం అడుగున సన్నటి సున్నపు బురద పొర మీద పొర పడి, ఎవరూ కదిలించకుండ, చదునుగ గట్టిపడ్డది అని. అదే దిబ్బ కట్టే జీవులు ఉన్న చోటైతే గా పొరలు ఉండవు. ఒకదాని మీద ఒకటి ఎక్కి పెరిగి, సందులల్ల బురద నిండి, కాల్షియం కార్బొనేట్ సిమెంటు పట్టి అంతా ఒకే గడ్డ అయిపోతది. రీఫ్ నడిబొడ్డు రాయిని జియాలజిస్టులు మాసివ్ అంటరు, అంటే పొరల్లేని రాయి. దాన్ని ఉలితోని కొడితే పలక రాదు, పెళ్ల ఊడుతది. తాండూరుల గనక నిజంగ బయోహెర్మ్, అంటే జీవులు కట్టిన ఉబ్బు దిబ్బ, ఉండి ఉంటే మన వరండాలల్ల పరిచే బండలే ఉండేటివి కావు, కంకర మిల్లుకో సున్నం బట్టీకో పోయేటివి.

బండల ముచ్చట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మా ఇంటికాడ బండలు పరిచేటప్పుడు మేస్త్రీ ఒక బండ పక్కకు తీసిపెట్టి "సార్, గిది చూడున్రి, చెట్టు అచ్చు పడ్డది, దేవునర్రల ఏస్కోన్రి" అన్నడు. చూస్తే నిజంగనే బండ మీద నల్లగ, సన్నటి కొమ్మలు రెమ్మలుగ చీలిన బొమ్మ ఉంది, నాచు మొక్కని కాగితం మీద అద్దినట్టు. దాన్ని భూతద్దం పెట్టి చూస్తే ఆకు లేదు, ఈనె లేదు, కాండం మందం లేదు, ఆ కొమ్మలన్నీ బండ అంచున ఉన్న ఒక సన్న పగులు కాడ్నుంచే బయల్దేరినయ్. అది డెండ్రైట్. పగుళ్లలకెళ్లి దిగిన నీళ్లల్ల ఉన్న మాంగనీస్ పొరల నడుమ పాకి అట్ల పేరుకుంటది, చెట్టుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. "పోనీ అన్నా, దేవునర్రలనే ఏద్దాం, బొమ్మ మంచిగున్నది" అన్న. కొన్ని బండలల్ల రంపం పండ్లలెక్క వంకర్లు తిరిగే ఒక నల్ల గీత కూడా కనపడ్తది, దాన్ని స్టైలోలైట్ అంటరు. పైన బరువు పడ్డప్పుడు ఆ జాగల సున్నం కరిగిపోయి, కరగని మట్టి మిగిలి గీత అయితది. దాన్ని చూసి పురుగు పాకిన జాడ అనుకునేటోళ్లు ఉన్నరు, అదీ కాదు.

మరి జంతువుల పెంకులు లేని కాలంల అంత సున్నం ఎట్ల వచ్చిందని అడుగుతరు. సముద్రం నీళ్లల్ల కాల్షియం, బైకార్బొనేట్ కరిగి ఉంటయ్. నీళ్లల్ల బతికే సూక్ష్మజీవులు కిరణజన్యసంయోగక్రియకోసం కార్బన్ డయాక్సైడ్‌ని లాక్కుంటయ్, దాంతోని నీళ్ల ఆమ్లగుణం తగ్గుతది, అప్పుడు కరిగిన సున్నం సన్నటి రవ్వలుగ ఇరిగి అడుక్కి దిగుతది. దాన్ని తిప్పి చూడాలంటే షాబాద్ బండ మీద నిమ్మకాయ చుక్క పడనియ్యండి, కొంచెం సేపట్ల అక్కడ నునుపు పోయి తెల్ల మచ్చ పడ్తది, ఆమ్లం తగిలి సున్నం మళ్ల కరిగిందన్నట్టు. ఆ కాలంల జీవులు అసలు లేవా అంటే ఉన్నయ్, భీమా బేసిన్ షేల్ (బురద గట్టిపడ్డ పలచటి పొరల రాయి) పొరలల్ల కర్ణాటక వైపు చువారియా అనే గుండ్రటి నల్లటి కార్బన్ అచ్చులు దొరికినయ్. అవి గోడలు కట్టేటివి కావు, అంతే తేడా.

ఆ రోజులల్ల గోడలు కట్టేటివి వేరే ఉండె. వాటిని చూడాలంటే కృష్ణా దాటి కడప వైపు పోవాలె, వేంపల్లె డోలమైట్‌కి (మెగ్నీషియం కలిసిన సున్నపురాయి లాంటి రాయి). కడప బేసిన్‌ల చాన కింద ఉన్న పొర అది, సుమారు 190 నుంచి 200 కోట్ల ఏండ్లది. అందుల స్ట్రొమటోలైట్లు కుప్పలు కుప్పలుగ ఉన్నయ్. పైనుంచి చూస్తే రాయి మీద ఒకదానిలోపల ఒకటి గుండ్రటి వలయాలు, నిలువుగ కోసి చూస్తే కమానులెక్క వంగిన సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ స్తంభంలెక్క పైకి లేస్తయ్, కొన్ని చేతివేలంత మందం, కొన్ని మోచేయంత. సూక్ష్మజీవుల జిగురు చాప ఒకటి సముద్రం అడుగున పరుచుకుంటది, దాని మీద బురద రవ్వలు పడ్తయ్, జిగురుకి అంటుకుంటయ్, వెలుతురు కోసం చాప ఆ బురద మీదికి మళ్ల పాకుతది, ఇదే పని వేల ఏండ్లు చేస్తే ఆ స్తంభం తయారైతది. తుమ్మలపల్లి యురేనియం ఉన్నది కూడా ఈ వేంపల్లె డోలమైట్ రాళ్లల్లనే. మన దేవరకొండ దిక్కు లంబాపూర్–పెద్దగట్టు యురేనియం వేరే కథ, అది గ్రానైట్‌కీ దాని మీద కూసున్న శ్రీశైలం పొరలకీ నడుమ ఉంటది, దానికీ దిబ్బలకీ ముడిపెట్టొద్దు.

స్ట్రొమటోలైట్ అనే పేరు 1908ల కాల్కోవ్‌స్కీ అనే జర్మన్ జియాలజిస్ట్ పెట్టిండు, హార్జ్ కొండల రాళ్లు చూసి. పొరలు కాకుండ లోపల గడ్డలు గడ్డలుగ, రక్తం గడ్డకట్టినట్టు ఉంటే దాన్ని త్రాంబోలైట్ అంటరు, ఆ పేరు 1967ల ఐట్కెన్ పెట్టిండు. ఇక్కడ జర ఆగి చూడాలె. స్ట్రొమటోలైట్ అన్నది కట్టిన తీరుని చెప్పే పేరు. ఒక్క స్తంభం కూడా స్ట్రొమటోలైటే. అట్లాంటి స్తంభాలు వందలు ఒక జాగల కలిసి దిబ్బలెక్క ఉబ్బితే ఆ మొత్తం దిబ్బ బయోహెర్మ్ అయితది, అవే చదునుగ మైళ్ల పొడుగు పరుచుకుంటే బయోస్ట్రోమ్ అయితది. అంటే ఒకే రాయికి రెండు పేర్లు ఒకేసారి ఉండొచ్చు, రెండూ కరెక్టే. ఈ రెండిట్ల ఏది కరెక్ట్ అని ఆన్‌లైన్‌ల కొట్లాడుకునేటోళ్లని చూస్తే నవ్వొస్తది.

బయోహెర్మ్ అనే పేరు 1928ల అమెరికాల ఇండియానా నుంచి వచ్చింది. కమింగ్స్, ష్రాక్ అనే ఇద్దరు అక్కడి సైలూరియన్ కాలం రాళ్లల్ల, అంటే సుమారు 42 కోట్ల ఏండ్ల నాటి రాళ్లల్ల, చుట్టూ చదును పొరలుండి నడుమ పొరల్లేని గుమ్మటాలు చూసిన్రు. అందరూ వాటిని రీఫ్ అంటుండె. వీళ్లకి అది నచ్చలే. ఎందుకంటే రీఫ్ అనేది ఓడ నడిపేటోళ్ల మాట, నీళ్ల కింద దాక్కొని ఓడకి తగిలే ఏ రాతిగట్టునైనా వాళ్లు రీఫే అంటరు, అది జీవులు కట్టిందా, లావా గట్టిపడిందా, ఇసుక దిబ్బనా అనేది వాళ్లకి పట్టదు, పట్టాల్సిన అవసరమూ లేదు. అందుకని జీవులు కట్టిన, చుట్టుపక్కల పొరల కన్నా ఉబ్బెత్తుగ ఉన్న దిబ్బకి బయోహెర్మ్ అని పేరు పెట్టిన్రు. మళ్ల 1932ల కమింగ్సే జీవులు పేరుకొని చదునుగ పరుచుకున్నదానికి బయోస్ట్రోమ్ అన్నడు. గుల్లల పొర, పగడాల చాప, ఏదైనా సరే, ఉబ్బు లేకుంటే బయోస్ట్రోమ్.

షికాగో కాడ థార్న్‌టన్ క్వారీ అని ఉంది, అదీ సైలూరియన్ దిబ్బే, దాని మీద నుంచే పెద్ద హైవే పోతది. అక్కడ దిబ్బ ఆకారం ఎట్ల పట్టుకుంటరో మంచిగ కనపడ్తది: నడిబొడ్డున పొరల్లేని గడ్డ, దాని పక్కల నుంచి బయటికి ఏటవాలుగ జారే పొరలు, ఇంకా దూరం పోతే చదును పొరలు. ఆ ఏటవాలు పొరల్ని ఫ్లాంక్ అంటరు, దిబ్బ నుంచి ఇరిగిపడ్డ ముక్కలు వాలు మీద పేరుకున్నయ్ అన్నట్టు. నాకైతే దిబ్బకి అన్నిట్ల కన్నా నమ్మదగ్గ గుర్తు ఇదే అనిపిస్తది. కొండ ఆకారం చూసి మోసపోవద్దు. చైనాల గుయిలిన్ కాడ సున్నపురాయి గుట్టలు సూదులెక్క నిలబడి ఉంటయ్, వాటి లోపల పొరలు మాత్రం ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకి చదునుగనే సాగుతయ్, నడుమది వాననీళ్లకి కరిగిపోయింది. ఉల్టాగ, నిజమైన బయోహెర్మ్ ఒకటి పైన చదును చెల్కల కింద కనపడకుండ కూడా ఉండొచ్చు. ఈనాటి నేల ఎత్తుకీ ఆనాటి సముద్రం అడుగు ఎత్తుకీ లింకు పెట్టొద్దు.

ఇంతవరకు ఆకారం. ఇగ గొడవ పెద్దదయింది గట్టిదనం కాడ. దిబ్బ ఉంటే సరిపోతదా, అది కెరటాల దెబ్బని తట్టుకొని నిలబడాల్నా? 1950ల లోవెన్‌స్టామ్ గ్రేట్ లేక్స్ చుట్టూ ఉన్న దిబ్బల్ని పరిశీలించి, కెరటాల్ని తట్టుకునేట్టు జీవులే గట్టిగ కడితేనే దాన్ని రీఫ్ అనాలె అన్నడు. వినడానికి బాగుంది, ఫీల్డ్‌ల మాత్రం ఎట్ల చూపిస్తవ్? 40 కోట్ల ఏండ్ల కింద కెరటం వచ్చి కొట్టిందా లేదా అని రాయి మీద రాసి ఉండదు కదా. ఈ చిక్కుని 1970ల డన్‌హామ్ సాఫ్‌గ రెండు ముక్కలు చేసిండు. పొరలల్ల ఒక జాగలనే మందంగ, గడ్డలెక్క ఉన్న సున్నపురాయి ఉంటే అది స్ట్రాటిగ్రాఫిక్ రీఫ్, అంటే రాతిలెక్క ప్రకారం రీఫ్. జీవులే ఒకదాన్ని ఒకటి పట్టుకొని గట్టిగ కట్టుకున్నయని చూపించగలిగితే అది ఎకోలాజిక్ రీఫ్. చాన పాతదిబ్బలు మొదటి పరీక్షల పాసై రెండోదాంట్ల డౌట్‌ల మిగిలిపోతయ్. నా లెక్కన ఈ మొత్తం సబ్జెక్ట్‌ల అక్కరకొచ్చే మాట ఇదే.

అదే డన్‌హామ్ అంతకు ముందు 1962ల సున్నపురాళ్లని బురద ఎంత, రవ్వ ఎంత అని చూసి, బురద ఎక్కువున్నదాంతోని మొదలుపెట్టి పేర్లు పెట్టిండు, మడ్‌స్టోన్, వాకీస్టోన్, ప్యాక్‌స్టోన్, గ్రెయిన్‌స్టోన్ అని. మన షాబాద్ బండ చాన మటుకు మడ్‌స్టోన్ కిందికే వస్తది. జీవులు పేరుకునేటప్పుడే కట్టిపడేసిన రాయికి మాత్రం బౌండ్‌స్టోన్ అని ఒక్క పేరు పెట్టి ఊకున్నడు. దిబ్బల మీద పనిచేసేటోళ్లకి అది సరిపోలే. 1971ల ఎంబ్రీ, క్లోవన్ అనే ఇద్దరు కెనడా ఉత్తరాన బ్యాంక్స్ ద్వీపంల డెవోనియన్ (సైలూరియన్ తర్వాతి కాలం) దిబ్బల్ని చదివి ఆ ఒక్కదాన్ని మూడు చేసిన్రు. జీవుల అస్థిపంజరాలే నిలబడి గోడ కడితే ఫ్రేమ్‌స్టోన్. పలచగ పాకే జీవులు ముక్కల్ని అంటుపెట్టి కట్టేస్తే బైండ్‌స్టోన్, స్ట్రొమటోలైట్ ఈ బాపతే. మూడోది బాఫిల్‌స్టోన్, ఇది అర్థం కావాలంటే మన వాగు చూస్తే చాలు. వాగుల తుంగ గుబురుగ పెరిగిన చోట నీళ్ల ఉరుకు తగ్గి ఒండ్రు అక్కడ్నే దిగుతది కదా, రెండు వానాకాలాలు పోయేసరికి అక్కడ చిన్న మెట్ట లేస్తది, తుంగ ఏమీ గోడ కట్టలే, ఊకె నిలబడ్డది అంతే. సముద్రం అడుగున కొమ్మల పగడాలు, కాడల జీవులు అట్లనే నిలబడి బురదని ఆపుతయ్. తర్వాత ఆ జీవి కుళ్లిపోయి జాడ లేకుండ పోతే మిగిలేది ఒట్టి బురద దిబ్బ, అప్పుడు ఎవరు కట్టిన్రో తేల్చుడు తలనొప్పి.

ఆ తలనొప్పికి పెద్ద ఉదాహరణ వాల్సోర్షియన్ మడ్ మౌండ్లు. బెల్జియంల వాల్సోర్ అనే ఊరి పేరు మీద వచ్చింది. కార్బోనిఫెరస్ మొదట్ల, అంటే సుమారు 35 కోట్ల ఏండ్ల కింద, బెల్జియం, ఐర్లండ్, అమెరికాల న్యూ మెక్సికో దాంక ఇట్లాంటియి లేచినయ్. వాలు బాగ నిటారుగ ఉంటది, మందం పదుల మీటర్ల నుంచి వందల మీటర్ల దాంక, లోపల చూస్తే పగడాల గోడ లేదు, స్ట్రొమటోలైట్ స్తంభాలు లేవు, అంతా సన్నటి సున్నపు బురదే. ఒట్టి బురద అంత నిటారుగ ఎట్ల నిలబడ్డది? జారిపోవాలె కదా. అందుకే చాన మంది సూక్ష్మజీవుల జిగురు దాన్ని అప్పటికప్పుడు గట్టిపరిచిందని అంటరు, ఆ బురద బయటికెళ్లి కొట్టుకొచ్చింది కాదు, అక్కడ్నే పుట్టింది అని కూడా. ఆ బురద నడుమ స్ట్రొమటాక్టిస్ అనే తెల్లటి మచ్చలుంటయ్, కింద గీత గీసినట్టు చదును, పైన ఎగుడుదిగుడు కప్పు, లోపల మెరిసే కాల్సైట్, అంటే సున్నపు స్ఫటికం. ఒకప్పుడు దాన్ని జీవి అనుకున్నరు. అది ఖాళీ గుల్ల, కింద సగం బురద నిండి, పైన సగం తర్వాత కాల్సైట్ పట్టింది. ఆ గుల్ల ఎట్ల ఏర్పడ్డది, స్పాంజ్ కుళ్లినందుకా, బురద కుంగినందుకా, ఇంకేదన్ననా అని ఈ రోజుకీ ఒక్కమాట మీదికి రాలేదు. ఆ కింది చదును గీత మాత్రం ఫీల్డ్‌ల మస్తు పనికొస్తది, బురద నీళ్లల్ల ఎప్పుడూ సమంగనే సర్దుకుంటది కాబట్టి ఆ రోజు ఏది కింద ఏది పైన అనేది అదే చెప్తది, పొరలు తర్వాత ఎంత ఒరిగినా సరే. దాన్ని జియోపెటల్ అంటరు.

ఇట్లాంటి చిక్కుల కోసమే 2002ల రాబర్ట్ రైడింగ్ వేరే దారి పట్టిండు. ఆకారం పక్కకు పెట్టు, దిబ్బని ఏది నిలబెట్టిందో చూడు అన్నడు: నడుమ నిండిన బురదనా, అస్థిపంజరమా, నీళ్లల్లకెళ్లి పట్టిన సిమెంటా. ఏ దిబ్బలనైనా మూడూ ఉంటయ్, ఏది ఎక్కువ అనేదే లెక్క. నాకు ఈ పద్ధతి నచ్చుతది, అయినా పేపర్లల్ల బయోహెర్మ్ అనే పాత మాటే నడుస్తుంది, నోటికి అలవాటైంది మరి.

కట్టినోళ్లు కూడా కాలం కాలానికి మారిన్రు. జంతువులు కట్టిన చాన పాత దిబ్బలు నమీబియాల ఉన్నయ్, క్లౌడినా అనే సన్న గొట్టం జీవివి, సుమారు 55 కోట్ల ఏండ్లయి. తర్వాత కేంబ్రియన్ మొదట్ల ఆర్కియోసయాథ్‌లు, గ్లాసు ఆకారంల ఉండే స్పాంజ్ బాపతు జీవులు. సైలూరియన్, డెవోనియన్‌లల్ల స్ట్రొమటోపొరాయిడ్లు (ఇవీ స్పాంజ్ బాపతే), టాబ్యులేట్ అనే పాత రకం పగడాలు రాజ్యమేలినయ్. ఆస్ట్రేలియా పడమర క్యానింగ్ బేసిన్‌ల ఆ డెవోనియన్ రీఫ్ ఈ రోజుకీ గట్టులెక్క నిలబడి ఉంది, 300 కిలోమీటర్లకి పైన పొడుగు, విండ్‌జానా లోయల నది దాన్ని అడ్డంగ కోసుకొని పోయింది కాబట్టి రీఫ్ ఎనకభాగం, నడిబొడ్డు, ముందువాలు అన్నీ వరసగ నడుచుకుంటూ చూడొచ్చు. డెవోనియన్ చివర్ల, సుమారు 37 కోట్ల ఏండ్ల కింద, ఈ గోడ కట్టేటి జీవులు చాన మటుకు పోయినయ్. వాల్సోర్షియన్ బురద దిబ్బలు లేచింది ఆ తర్వాతనే, గోడ కట్టేటి పెద్ద మేస్త్రీలు లేని ఆ ఖాళీలనే. పర్మియన్ ఆఖర్ల 25.2 కోట్ల ఏండ్ల కింద మళ్ల ఇంకో పెద్ద విధ్వంసం, పాత పగడాలు మొత్తానికే ఖతం, ఇప్పటి పగడాల జాతి ఆ తర్వాతి ట్రయాసిక్ కాలం నడుమ గాని రాలేదు. క్రిటేషియస్‌ల రూడిస్ట్ అనే ఆలిచిప్ప జాతి జీవులు గుంపులు కట్టి పెరిగినయ్, 6.6 కోట్ల ఏండ్ల కింద అవి కూడా పోయినయ్. సరిగ్గ ఆ రోజులల్లనే మన తాండూరు, కొడంగల్ దిక్కు సున్నపురాయి మీద దక్కన్ లావా పారి నల్లరాయి పరుచుకున్నది.

పేరు పెట్టుడు ఎంత తిరకాసో చెప్పడానికి టెక్సస్, న్యూ మెక్సికో సరిహద్దుల కాపిటన్ రీఫ్ ఒక్కటి చాలు. పర్మియన్ దిబ్బ అది, టెక్సస్‌ల చాన ఎత్తైన గ్వాడలూప్ శిఖరం, 2,667 మీటర్లు, దాని మీదనే ఉంది. ఏండ్ల తరబడి పుస్తకాలల్ల ఏం రాసిన్రంటే, స్పాంజ్‌లు నిటారుగ నిలబడి బురదని ఆపినయ్, కాబట్టి ఇది బాఫిల్‌స్టోన్ అని. 1990లల్ల జియోపెటల్ గీతలు చూసుకుంటూ మళ్ల చదివితే ఆ స్పాంజ్‌లల్ల చాన మటుకు చిన్న చిన్న గుహల పైకప్పుకి తలకిందులుగ వేలాడుతూ పెరిగినయని తేలింది. వేలాడేటిది బురదని ఎట్ల ఆపుతది? అంటే పేరే తప్పు. ఆ గుహల్ని కట్టింది, నింపింది వేరే జీవులు, సూక్ష్మజీవుల పూత, ఇంకా గుట్టలుగ పట్టిన సముద్రపు సిమెంటు.

ఇగ "మాకు తెల్వదు" అని చెప్పే పేరు. కార్బొనేట్ బిల్డప్. నూనె కంపెనీలోళ్లు భూమిలకి శబ్దతరంగాలు పంపి కింద పొరల బొమ్మ తీస్తరు కదా, అందుల చదును పొరల నడుమ ఒక ఉబ్బు కనపడ్తది. అది పగడమా, బురదనా, సున్నపు ఇసుక దిబ్బనా, బోరు వేసి రాయి పైకి తీసేదాంక చెప్పలేరు. అందుకే బిల్డప్ అంటరు, అంతకన్నా నిజాయితీ ఉన్న పేరు ఈ సబ్జెక్ట్‌ల ఇంకోటి లేదు. దాని ఎనక పైసలు కూడా ఉన్నయ్ మరి, కెనడాల ఆల్బర్టాల 1947ల లెడ్యూక్ కాడ డెవోనియన్ దిబ్బల నూనె పడ్డది, ఆ రాష్ట్రం కథే మారిపోయింది. దిబ్బ రాళ్లల్ల గుల్లలు ఎక్కువ, పైన షేల్ మూత పడితే నూనె అక్కడ్నే ఇరుక్కుంటది. మన షాబాద్ బండలాంటి బిగుసుకుపోయిన మడ్‌స్టోన్‌ల ఆ గుల్లలు ఉండవు.

బతికున్న వాటిని చూసినా పేర్ల కొట్లాట తీరదు. గ్రేట్ బారియర్ రీఫ్ ఎనక హాలిమెడా అనే సున్నపు నాచు కట్టిన దిబ్బలున్నయ్, ఒక్కొక్కటి 200–300 మీటర్ల వెడల్పు వలయాలు, 2016ల లేజర్ సర్వే లెక్కలు బయటికొస్తే మొత్తం 6,000 చదరపు కిలోమీటర్లకి పైనే తేలింది. నాచు చచ్చి రాలిన రేకులే అవి, గట్టి గోడ లేదు. కాబట్టి బయోహెర్మ్ అంటరు, రీఫ్ అనడానికి చాన మందికి నోరు రాదు. ఐర్లండ్ పడమర సముద్రంల చల్లటి చీకటి నీళ్లల్ల చాలెంజర్ మౌండ్ అని ఉంది, 155 మీటర్ల ఎత్తు, 2005ల దానికి బోరు వేసి అడుగుదాంక చూసిన్రు, చల్లనీళ్ల పగడం ముక్కలు, నడుమ బురద, అదే ఎక్కువ. రీఫ్ మౌండ్ అనే పేరు ఇట్లాంటి వాటికే, పూర్తి గోడా కాదు, ఒట్టి బురదా కాదు. కెనడా పడమర తీరంల 1987ల గాజు స్పాంజ్‌ల రీఫ్‌లు దొరికినయ్, అప్పటిదాంక అట్లాంటియి జురాసిక్ రాళ్లల్లనే చూసిన్రు, ఎన్నడో అంతరించినయ్ అనుకున్నరు.

మన దగ్గర్ల ఇవి నిజంగ చూడాలనిపిస్తే తమిళనాడుకి పోవాలె, అక్కడ కూడా సిమెంటు క్వారీలే. తిరుచ్చి కాడ కల్లక్కుడిల డాల్మియాపురం సున్నపురాయి ఉంది, క్రిటేషియస్‌ది, పదికోట్ల ఏండ్ల పైనది, పగడాలూ ఎర్ర నాచూ కలిసి కట్టిన పొరల్లేని దిబ్బ, మన దేశంల బయోహెర్మ్ అంటే చూపించేది అదే. అక్కడికి దగ్గర్లనే అరియలూరు జిల్లా కల్లంకురిచ్చిల ఇంకో క్వారీ, అందుల గ్రైఫియా అనే మందపాటి ఆలిచిప్పలు ఒకదాని మీద ఒకటి గుట్టలుగ, చదునుగ పరుచుకొని ఉంటయ్. ఉబ్బు లేదు కాబట్టి రీఫ్ కాదు, బయోస్ట్రోమ్ లెక్క. అయితే ఆ పేరు కూడా తొందరపడి పెట్టొద్దు. 1994ల కెర్షా అనే జియాలజిస్ట్ బయోస్ట్రోమ్‌లనే మళ్ల రకాలుగ విడగొట్టిండు: జీవులు బతికిన జాగలనే ఉన్నయా, సగం కదిలినయా, తుఫాను మొత్తం ఎక్కడికెళ్లో ఊడ్చుకొచ్చి పడేసిందా అని. కాబట్టి ఆ క్వారీ గోడ ముందు నిలబడ్డప్పుడు చిప్పలల్ల లోతు ఉన్న సగం కిందికి ఉందా పైకి ఉందా, రెండు సగాలు ఇంకా కలిసే ఉన్నయా, అంచులు అరిగినయా అని ఒక్కొక్క పొర చూసుకుంటూ పోవాలె, ఒక పొరకి వచ్చిన జవాబు దాని మీది పొరకి రాకపోవచ్చు.